మోడల్ రైలు ఫోటోలో బొమ్మలా ఎందుకు కనిపిస్తుంది? వెనక నిజం కొండలు పెట్టి తీయడం ఎలా?

మీరు అడిగింది ఇది: గుత్తి షెడ్డు డీజిల్ ఇంజను హెచ్‌ఓ మోడల్ ఉంది, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు బోర్డు మీద పట్టాలు, కంకర, గడ్డి అన్నీ ఓపిగ్గా చేశారు, దాన్ని మేడ మీద పెట్టి వెనక కొండలు, కొబ్బరిచెట్లు వచ్చేలా ఫోన్‌తో తీశారు, అయినా బొమ్మలాగే ఉంది, ఇక ఫోటోషాప్ నేర్చుకోవాల్సిందేనా అని. అక్కర్లేదు. కొత్త కెమెరా కూడా అక్కర్లేదు. బోర్డు బాగానే చేశారు. ఫోన్ ఉన్న ఎత్తు తప్పు, బోర్డు ఉన్న ఎత్తు కూడా తప్పు. ఈ రెండూ సరిచేశాక ఇంకా ఏమైనా మిగిలితే అప్పుడు సాఫ్ట్‌వేర్ గురించి ఆలోచించొచ్చు.

ముందు ఫోన్ సంగతి. హెచ్‌ఓ అంటే 1:87 స్కేలు, అంటే మోడల్ నిజం ఇంజనులో 87వ వంతు. మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దాన్ని 87తో భాగిస్తే 18 మిల్లీమీటర్లు. అంటే ఒక మనిషి పట్టాల పక్కన నిలబడి తీసినట్టు ఉండాలంటే లెన్స్ మీ బోర్డు నేల నుంచి 18 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి, బొటనవేలు వెడల్పు కంటే కాస్త తక్కువ. మీ ఫోటో చూస్తే ఫోన్ కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, మోడల్ లెక్కలో అది 13 మీటర్లు, నాలుగంతస్తుల మేడ ఎక్కి కిందికి చూసినట్టు. మన జీవితంలో రైలు పైకప్పు చూసే సందర్భాలు తక్కువ, బొమ్మ రైలు పైకప్పు మాత్రం చిన్నప్పటి నుంచి చూస్తున్నాం. పైకప్పు కనిపించగానే కన్ను బొమ్మ అని తేల్చేస్తుంది, ఆ తర్వాత మీరు ఎంత కష్టపడి రంగు వేసినా లాభం లేదు. ప్లాట్‌ఫాం మీద నిలబడి తీసినట్టు కావాలంటే ఇంకో సెంటీమీటరు కలుపుకోండి, ఎందుకంటే మన ఎత్తు ప్లాట్‌ఫాంలు పట్టాల కంటే 76 నుంచి 84 సెంటీమీటర్ల పైన ఉంటాయి.

ఫోన్‌ను అంత కిందికి దించడం ఎలా అంటే, తలకిందులుగా పెట్టండి. మామూలుగా పైన మూలలో ఉండే లెన్స్ అప్పుడు నేలకు సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తుకు వచ్చేస్తుంది, ఫోటో ఎలాగూ తిప్పుకోవచ్చు. ఇంకో పద్ధతి, నాకు ఎక్కువ నచ్చింది, ఫోన్‌ను బోర్డు ముందు అంచు బయట నిలువుగా పట్టుకుని దాని మిగతా భాగమంతా బోర్డు కిందే ఉంచి లెన్స్ మాత్రం అంచు పైకి తొంగి చూసేలా పెట్టడం. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలు వాళ్లకైతే ఇదే దారి, వాళ్ల లెక్కలో కంటి ఎత్తు 10 మిల్లీమీటర్లే.

ఇప్పుడు రెండో ఎత్తు, దీన్ని చాలామంది పట్టించుకోరు. బోర్డు వెనక అంచు దాటాక నిజమైన నేల ఎక్కడి నుంచి కనిపించడం మొదలవుతుంది? లెన్స్ నుంచి వెనక అంచు 40 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. లెన్స్ 18 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే, ఆ అంచు మీదుగా వెళ్లే చూపు దాదాపు ప్రతి 22 అడుగులకు ఒక అడుగు చొప్పున కిందికి దిగుతూ పోతుంది. లెన్స్ అసలు నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే ఆ చూపు 35 మీటర్ల అవతల నేలను తాకుతుంది. అటు మోడల్ లోకంలో 40 సెంటీమీటర్లంటే ఎంత? 87తో గుణిస్తే అదీ 35 మీటర్లే. అంటే బోర్డు నేల ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడి నుంచే అసలు నేల మొదలవుతుంది, రెండు నేలలూ ఒకదానికొకటి అతికినట్టు కలిసిపోతాయి. ఇందులో మాయ లేదు. బోర్డు లోకంలోనూ బయటి లోకంలోనూ మీ కన్ను ఒకే ఎత్తులో ఉంది, అంతే.

కాబట్టి బోర్డు ఉండాల్సింది నడుము ఎత్తు టేబుల్ మీద కాదు, ఇంచుమించు మీ గడ్డం ఎత్తులో. రెండు ఎత్తు స్టూళ్ల మీద పలక వేయొచ్చు, మడత నిచ్చెన మీద పెట్టొచ్చు, గట్టి ట్రైపాడ్ ఉంటే దాని మీద చిన్న బోర్డు బిగించొచ్చు. అన్నిటికంటే తేలిక కారు. చిన్న కార్ల పైకప్పు నేల నుంచి సుమారు 1.5 మీటర్లు ఉంటుంది, దాని మీద దుప్పటి వేసి బోర్డు పెడితే కొలిచి చేయించినట్టు సరిపోతుంది. పైగా కారుతోపాటే బ్యాక్‌గ్రౌండు కూడా మార్చుకోవచ్చు. పైకప్పు వంపుగా ఉంటుంది కాబట్టి బోర్డు కింద అట్టముక్కలు పెట్టి రసమట్టంతో చూసుకోండి. ఒక డిగ్రీ అటూ ఇటూ వాలినా తేడా తెలుస్తుంది, ఎందుకంటే వెనక అంచుకూ హొరైజన్‌కూ మధ్య ఉన్న తేడానే మూడు డిగ్రీల లోపు.

మీ మేడ మీద ఏం జరిగిందో దీన్నిబట్టి అర్థమై ఉంటుంది. ఫోన్ ఎత్తులో ఉండటం వల్ల బోర్డు అంచు దాటగానే పిట్టగోడ కనిపించింది. సరే, ఫోన్ దించి బోర్డును పిట్టగోడ మీదే పెట్టారనుకోండి, కెమెరా అసలు నేలకు 8 మీటర్ల పైన ఉంటుంది, అప్పుడు అంచు వెనక కనిపించే మొదటి నేల 170 మీటర్లు దాటాకే. అక్కడున్న కొబ్బరిచెట్టు మీ రైలు వెనక 35 మీటర్ల దూరంలో ఉన్నట్టు భ్రమ కలగాలి, కానీ దాని సైజు అయిదో వంతే ఉంటుంది, పొదలా కనిపిస్తుంది. అంటే మేడ మీద తీయకూడదని కాదు. మేడ మీద తీసింది ఎప్పుడూ ఎత్తైన రైలు కట్ట, వంతెన, లేదా ఘాట్ సెక్షన్‌లాగే కనిపిస్తుంది, కాబట్టి బోర్డును కూడా అలాగే చేసుకోవాలి, వెనక అంచు దగ్గర వాలు దిగిపోతున్నట్టు. అరకు వైపు కొత్తవలస–కిరండూల్ లైన్లో కొండ అంచు మీద రైలు పోతుంటే కింద లోయ ఎలా కనిపిస్తుందో అలా. చదునైన పొలాల మధ్య రైలు కావాలంటే మాత్రం మేడ దిగాల్సిందే.

దీనికి ఎదురు తప్పు, బ్యాక్‌గ్రౌండు మరీ దగ్గరగా ఉండటం. పెరట్లో పది మీటర్ల దూరంలో ఉన్న పది మీటర్ల వేపచెట్టు వెనక వచ్చిందంటే మోడల్ లెక్కలో అది 35 మీటర్ల మహావృక్షం. ఆకులు కూడా విడివిడిగా కనిపిస్తాయి, దాంతో ఇంజను అగ్గిపెట్టె అయిపోతుంది. అందుకే 35, 40 మీటర్ల లోపు నిజమైనది ఏదీ ఫ్రేములోకి రాకూడదు, కరెంటు తీగలతో సహా. కోత అయిపోయిన వరి మడి, వేసవిలో ఎండిన చెరువు, ఊరి బయట ఖాళీ మైదానం, ఇలాంటివి చూసుకోండి. మీ ఇంజనుకైతే గుత్తి కోట కొండ దూరంగా వచ్చేలా ఊరి బయట ఏ చేను గట్టైనా సరిపోతుంది, ఆ రాతికొండ, ముందు సర్కారు తుమ్మ, చూడగానే చోటు తెలిసిపోతుంది. గోదావరి వంతెన మోడల్ చేసినవాళ్లకు రాజమండ్రి రేవుల కంటే మంచి చోటు ఏముంటుంది, నీళ్ల మీద అలలు కూడా దూరం సరిగ్గా ఉంటే సైజు సరిగ్గానే కనిపిస్తాయి.

బ్యాక్‌గ్రౌండు కోసం పట్టాల మీదికి, యార్డులోకి మాత్రం వెళ్లొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అక్రమ ప్రవేశానికి ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయొచ్చు. అసలు మీకు అక్కడ పనే లేదు, పట్టాలు మీ బోర్డు మీదే ఉన్నాయి కదా. వెనక నిజం పట్టాలు కూడా వస్తే రెండిటికీ పోలిక పడి మీ మోడలే నష్టపోతుంది.

ఎంత దూరం నుంచి తీయాలి? రైలు అభిమానులు తీసే ఫోటోలు గుర్తు తెచ్చుకోండి, వాళ్లు ఇంజనుకు ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో నిలబడతారు. హెచ్‌ఓలో 30 సెంటీమీటర్లంటే 26 మీటర్లు. కాబట్టి 30 నుంచి 40 సెంటీమీటర్లు, ఫోన్ మెయిన్ లెన్స్‌తో. ఆ 0.5 వైడ్ లెన్స్‌తో పది సెంటీమీటర్ల దగ్గరికి దూరితే ఇంజను ముక్కు ఉబ్బిపోయి తోక సన్నబడుతుంది. కోణం విషయానికొస్తే ఎదురుగా తీయొద్దు. మన బ్రాడ్‌గేజ్‌లో రెండు పట్టాల మధ్య వెడల్పు 1676 మిల్లీమీటర్లు, 1:87లో 19 పైచిలుకు రావాలి, కానీ హెచ్‌ఓ పట్టాలు 16.5 మిల్లీమీటర్లు, అవి 1435 గేజ్‌కు చేసినవి. ఎదురు నుంచి చూస్తే మన ఇంజను ఇరుకు పట్టాల మీద లావుగా కూర్చున్నట్టు ఉంటుంది. పక్క నుంచి ఏటవాలుగా చూస్తే ఎవరికీ తెలియదు. రైలంతా చూపించాలని కూడా ఆశపడొద్దు. పాత ఐసీఎఫ్ రకం బోగీ ఒక్కటే మోడల్ సైజులో 24 సెంటీమీటర్లు పైన వస్తుంది, కొత్త ఎల్‌హెచ్‌బీ రకమైతే 27. మీ రెండడుగుల బోర్డు మీద ఇంజను, దాని వెనక ఒక బోగీ, ఆ బోగీ సగం ఫ్రేము బయటికి పోయేలా పెడితే వెనక ఇంకో ఇరవై ఉన్నాయని చూసేవాళ్లే అనుకుంటారు.

ఫోకస్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎత్తు తర్వాత బొమ్మతనాన్ని బయటపెట్టేది ఇదే. నిజమైన రైలును 26 మీటర్ల నుంచి తీస్తే ముందు కంకర నుంచి వెనక కొండ దాకా దాదాపు అంతా స్పష్టంగా వస్తుంది. 30 సెంటీమీటర్ల నుంచి తీస్తే ఇంజను ముక్కు స్పష్టంగా ఉండి తోక మసకవుతుంది. నిజమైన ఊరి ఫోటోకు పైనా కిందా బ్లర్ చేసి బొమ్మ ఊరిలా చూపించే టిల్ట్ షిఫ్ట్ ఎఫెక్టు చూసే ఉంటారు, మనకు కావాల్సింది దానికి సరిగ్గా తిరగేసింది. అందుకని పోర్ట్రెయిట్ మోడ్ వైపు వెళ్లొద్దు. వెనక బ్లర్ అయితే ప్రొఫెషనల్‌గా ఉంటుందని ఎవరో అందరి బుర్రల్లోకి ఎక్కించారు, ఈ పనికి అది విషం.

పెద్ద కెమెరా ఉంటే మాన్యువల్‌లో అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం సైజు, ఎఫ్ 11 లేదా 16 పెట్టండి. 22కు వెళ్తే లోతు పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రం గుండా వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫోటో మొత్తం కొద్దిగా మెత్తబడుతుంది. చాలా ఫోన్లలో అపర్చర్ మన చేతిలో ఉండదు, కాబట్టి ఫోకస్ స్టాకింగ్ చేయాలి, అంటే వేర్వేరు చోట్ల ఫోకస్ పెట్టి తీసిన ఫోటోలను కలిపి ఒక్కటి చేయడం. ఫోన్ కదలకుండా బిగించి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి, టైమర్ పెట్టి, ఫోకస్ మాత్రం ముందు నుంచి వెనక్కి కొంచెం కొంచెం జరుపుతూ అయిదారు ఫోటోలు, చివరిది కొండల మీద ఫోకస్ పెట్టి. కలపడానికి హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌తో వచ్చే పనిముట్లు ఉచితం. ఆరుబయట ఒక చిక్కు ఉంది: ఒక ఫోటోకూ ఇంకోదానికీ మధ్య మబ్బులు, ఆకులు కదులుతాయి. అందుకే మోడల్ వరకు ఉన్న ఫోటోలను మాత్రమే స్టాక్ చేసి, ఆకాశం, కొండలు ఆ చివరి ఒక్క ఫోటో నుంచే తీసుకుని మాస్క్ వేసి (అక్కర్లేని భాగం దాచి) కలపండి. కొండల మీద ఫోకస్ ఉన్న ఫోటోలో ఇంజను అంచులు మసకగా పాకి ఉంటాయి కాబట్టి ఇంజను చుట్టూ పొగలాంటి అంచు మిగులుతుంది, దాన్ని చేత్తో శుభ్రం చేయక తప్పదు.

ఈ తలనొప్పంతా వద్దనుకుంటే చలికాలం పొద్దున్నే వెళ్లండి. డిసెంబర్, జనవరిలో దూరపు కొండలు మంచు తెరలో ఎలాగూ మసకగా, నీలంగా ఉంటాయి, అవి కొంచెం ఫోకస్ తప్పినా ఎవరూ పట్టుకోలేరు. అప్పుడు మోడల్ వరకు స్టాక్ చేస్తే చాలు.

వెలుతురుకు ఎండను మించింది లేదు. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద నీడలు మెత్తగా, రెండు మూడు వైపులకు పడతాయి. సూర్యుడు నిజం రైలుకైనా మోడల్‌కైనా అర డిగ్రీ సైజులోనే కనిపిస్తాడు, అందుకే ఎండలో నీడ అంచు ఎంత పదునుగా ఉండాలో అంతే ఉంటుంది, స్కేలుకు తగ్గట్టు దానంతటదే కుదురుతుంది. వెనక కొండ మీదా ఇంజను మీదా పడేది ఒకే ఎండ కాబట్టి ఎక్స్‌పోజర్ కూడా ఒకటే సరిపోతుంది, హెచ్‌డీఆర్ ఆపేయండి. సూర్యుడు మీ వెనక ఓ పక్కకు, తక్కువ ఎత్తులో ఉండాలి. మే నెల మధ్యాహ్నం మాత్రం వద్దు. హైదరాబాద్ అక్షాంశానికి మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నీడలన్నీ ఇంజను కిందికి దూరిపోయి చక్రాలు, వాటిని పట్టి ఉంచే ఫ్రేములు నల్లటి ముద్దలా కనిపిస్తాయి.

బోర్డు అంచు దాచడానికి నా దగ్గరున్న మంచి ఉపాయం మట్టి. ఎక్కడ ఫోటో తీస్తున్నారో అక్కడి మట్టినే టీ వడగట్టుతో జల్లించి బోర్డు వెనక భాగంలో చల్లండి. అనంతపురం ఎర్రమట్టి అయినా నంద్యాల నల్లరేగడి అయినా, అదే మట్టి, అదే ఎండ, రంగు కలపాల్సిన పనే లేదు. ముందు ఆ మట్టిలో అయస్కాంతం తిప్పండి, ఇనుప రేణువులు చాలా ఉంటాయి, మోటారులోకి వెళ్తే ఇంజను పోతుంది. అంచు వెంట జనపనార తుంపులు గడ్డిలా గుచ్చి, రెండు మూడు చోట్ల ఎండిన తులసి కొమ్మలతో చేసిన తుమ్మ పొదలు పెడితే అతుకు ఎక్కడుందో మీకే వెతకాల్సి వస్తుంది. అంచును గీత గీసినట్టు వదలొద్దు, ఎగుడుదిగుడుగా ఉండాలి.

కెమెరా ఇంత కిందికి వచ్చాక ఏ పని కనిపిస్తుంది, ఏది కనిపించదు అన్నది కూడా మారిపోతుంది. పైకప్పు మీద పడ్డ కష్టం వృథా. పట్టాల పక్కలు, చక్రాలు, వాటి ఫ్రేములు, కంకర, ఇవే ముందుకొస్తాయి. పట్టాల పక్కలకు తుప్పు గోధుమ రంగు వేయండి, పైభాగం మాత్రం మెరవాలి. మోడల్ పట్టాల ఎత్తును కోడ్ నంబరుతో చెప్తారు. కోడ్ 100 పట్టాలు 2.54 మిల్లీమీటర్ల ఎత్తు, నిజం లెక్కలో 22 సెంటీమీటర్లు, మన 60 కిలోల పట్టా ఎత్తు 17.2 సెంటీమీటర్లే. కొత్తగా వేస్తుంటే కోడ్ 83 లేదా 75 తీసుకోండి. కంకర రాయి ముప్పావు మిల్లీమీటరు దాటకూడదు. షూట్ ముందు మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, స్కేలు దుమ్ము వేరు, మన ఇంటి దుమ్ము వేరు, ఒక్క దూది పోగు ఇంజను మీద తాడులా కనిపిస్తుంది.

ఆరుబయటికి వెళ్లడం కుదరకపోతే ప్రింటు వేయించొచ్చు. ఫ్లెక్స్ షాపులో మామూలు ఫ్లెక్స్ కాకుండా మ్యాట్ వినైల్‌ను సన్‌బోర్డు మీద అతికించి ఇమ్మనండి, మామూలు ఫ్లెక్స్ లైటు పడగానే మెరుస్తుంది. బోర్డు వెనక కనీసం ఒక అడుగు వదిలి నిలబెడితే ఇంజను నీడ ఆకాశం మీద పడదు. సైజుకు లెక్క ఉంది: 60 డిగ్రీల వెడల్పు చూపు ఉన్న ఫోటో అయితే, కెమెరా నుంచి మీటరు దూరంలో పెట్టే ప్రింటు 115 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. చిన్నదైతే కొండలు కుంచించుకుపోతాయి. నిలబెట్టేటప్పుడు ప్రింటులో ఆకాశం, నేల కలిసే గీత సరిగ్గా లెన్స్ ఎత్తుకు రావాలి, ఇది తప్పితే మిగతావన్నీ కుదిరినా తేడాగానే ఉంటుంది.

కంప్యూటర్లో కలిపే పద్ధతికీ అదే నియమం. జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. బ్యాక్‌గ్రౌండూ మోడలూ ఒకే లెన్స్‌తో, ఒకే జూమ్‌లో, ఎండ ఒకే వైపు నుంచి వచ్చేలా తీసుకోవాలి, బ్యాక్‌గ్రౌండును నిలబడి కంటి ఎత్తు నుంచే తీయాలి. ఏఐతో పుట్టించిన కొండలు పెడితే పని తేలికే, కానీ ఆ ఎండ మీ ఇంజను మీద పడ్డ ఎండ కాదు, తెలిసిన కన్ను రెండు క్షణాల్లో పట్టేస్తుంది. అమెరికాలో మైఖేల్ పాల్ స్మిత్ అనే ఆయన ఎల్గిన్ పార్క్ అని ఒక ఊహా పట్టణాన్ని ఫోటోల్లో సృష్టించాడు, 1:24 స్కేలు బొమ్మ కార్లు, ఇళ్లు టేబుల్ మీద పెట్టి, వెనక నిజమైన చెట్లు, ఇళ్లు వచ్చేలా మామూలు చిన్న డిజిటల్ కెమెరాతో తీశాడు. ఫోటోషాప్ వాడలేదు. ఆ ఫోటోలు వెతికి చూడండి, టేబుల్ ఎక్కడ పెట్టాడు, కెమెరా ఎక్కడ ఉంది అన్నది మీకే అర్థమవుతుంది.

ఒక్క జాగ్రత్త. కారు మీద అరగంట కంటే ఎక్కువ ఎండలో ఇంజనును వదలొద్దు, ముదురు రంగు ప్లాస్టిక్ బాడీ వంగుతుంది, ప్లాస్టిక్ స్లీపర్లు కూడా. ఫ్రేము, ఫోకస్ అన్నీ ఏదైనా పాత బోగీతో సరిచూసుకుని, ఇంజనును చివర్లో బయటికి తీయండి. తీసేశాక అద్దాలు మూసిన కారులో పెట్టొద్దు, అక్కడ వేడి బయటికంటే ఎక్కువ.